కొండలెక్కడానికి ఏ నెల మంచిది? నల్గొండ, పాలమూరు నుంచి పోయేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

దసరా ముందు ఒకసారి, ఎండాకాలం సెలవుల ముందు ఇంకోసారి, ప్రతి ఏడాది హిమాలయాల ట్రెక్‌ల మీద అవే డౌట్లు వస్తనే ఉంటయి. ఎవరికి వాళ్లకు ఫోన్‌లో చెప్పుడు కంటే ఒక్క దగ్గర రాసిపెడితే నయం అనిపించింది. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి డైరెక్ట్‌గా పోండి, మొత్తం వరసగా చదవాల్సిన పని లేదు.

## ఇంకా ఏదీ ఫిక్స్ కాకముందు

అన్నా, ఒక్క మాటలో చెప్పు, హిమాలయాలకు బెస్ట్ నెల ఏది?

ఒక్క మాటే కావాలంటే అక్టోబర్. వానలు వెనక్కిపోయి ఉంటయి, గాలిలో దుమ్మంత కడుక్కపోయి ఆకాశం నీలంగ ఉంటది, ఎంతో దూరంలో ఉన్న శిఖరాలు కూడా క్లియర్‌గ కనపడ్తయి, చలి ఉంటది గానీ తట్టుకోరానంత కాదు. కానీ అక్టోబర్‌లో పోయినంక "మంచు ఏదన్నా, పూలు ఏవన్నా" అని అడిగేటోళ్లు మస్తు మంది ఉంటరు. ఆ నెలలో మామూలుగా 12, 13 వేల అడుగుల దాకా నేల మీద మంచు ఉండదు, గడ్డి ఎండి పసుపు రంగుకు తిరుగుతది, పూలు ఎప్పుడో రాలిపోయి ఉంటయి. అందుకే నెల అడిగే ముందు మీరు ఏం చూడాలనుకుంటున్నరో తేల్చుకోండి. మంచులో నడవాలంటే డిసెంబర్ చివరి నుంచి మార్చి దాకా, పూల కోసం అయితే జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా, శిఖరాల కోసం అక్టోబర్, నవంబర్, పచ్చిక మీద అక్కడక్కడ మిగిలిన మంచు చాలనుకుంటే మే, జూన్ మొదటి వారాలు. ఈ నాలుగూ ఒకే ట్రిప్‌లో దొరికే నెల అయితే లేదు.

ముందు ట్రెక్ ఎంచుకోవాల్నా, నెల ఎంచుకోవాల్నా?

ముందు మీకు సెలవు ఎప్పుడు దొరుకుతదో చూడండి. ట్రెక్ పేరు విని మనసు పడి, దానికి సరిపోని నెలలో పోయి వానలో తడిసి వచ్చే కంటే, దొరికిన నెలకు తగ్గ కొండను వెతుక్కునుడు ఈజీ. ఏడాదిలో ఏ నెలకైనా ఎక్కడో ఒకచోట మంచి ట్రెక్ ఉంటది.

మన దగ్గర వానాకాలం అంటే అక్కడ కూడా వానాకాలమేనా?

చాలా చోట్ల అవును, కొన్ని చోట్ల కాదు. నైరుతి రుతుపవనాలు జూన్ 1కి అటుఇటుగా కేరళను తాకి, జూన్ రెండో వారానికల్లా మన దగ్గరికి వస్తయి, అక్కడి నుంచి పైకి పోయి జూన్ చివరికల్లా ఉత్తరాఖండ్, హిమాచల్ చేరతయి. అంటే మన దగ్గర పత్తి గింజలు పెట్టే టైంలో అక్కడ ఇంకా ఒకటి రెండు వారాలు పొడిగానే ఉండే ఛాన్స్ ఉంటది. తిరిగి పోయేటప్పుడు రివర్స్, సెప్టెంబర్ మధ్యలో రాజస్థాన్ నుంచి వెనక్కి మళ్లుడు మొదలయితది, సెప్టెంబర్ చివరికి ఆ కొండల్లో వానలు తగ్గిపోతయి, మన దగ్గరేమో ఇంకా బతుకమ్మ రోజుల్లో కూడా పడుతనే ఉంటయి. కిటికీలోంచి మన వాన చూసి అక్కడి ట్రెక్ క్యాన్సిల్ చేసుకోవద్దు అనేది ఇందుకే.

ఇక వానాకాలం కాని చోట్లు అంటే లడాఖ్, హిమాచల్‌లోని స్పితి, లాహౌల్. మేఘాలు ముందున్న పెద్ద కొండలకే తగిలి అక్కడే కురిసిపోతయి, వెనక పక్కకు దాటేది తక్కువ. హిమాచల్‌లోని హంప్టా పాస్ (పాస్ అంటే కొండల నడుమ దాటే దారి) మీద ఇది కళ్లారా కనపడ్తది, కులు వైపు పచ్చగ తడితడిగ, దాదాపు 14 వేల అడుగుల పాస్ దాటి దిగితే అటు పక్క అంత మట్టిరంగు కొండలు, ఎండిన నేల. కశ్మీర్‌లో కూడా ఉత్తరాఖండ్ అంత కుండపోత ఉండదు, అందుకే కశ్మీర్ గ్రేట్ లేక్స్ ట్రెక్ సీజన్ జులై నుంచి సెప్టెంబర్ మధ్య దాకా. అట్లని ఆ ప్రాంతాల్లో వానే రాదు అనుకోవద్దు, 2010 ఆగస్టులో లేహ్‌లో క్లౌడ్‌బరస్ట్ (ఒక్కసారిగ కుండపోత వాన) వచ్చి ఊర్లకు ఊర్లే బురదలో మునిగినయి.

చలికాలంలో రుతుపవనాలు ఉండవు కదా, మరి అంత మంచు ఎక్కడి నుంచి?

మధ్యధరా సముద్రం వైపు నుంచి పడమటి గాలులతో వచ్చే అలజడులు ఉంటయి, వార్తల్లో వెస్టర్న్ డిస్టర్బెన్స్ అంటరు. డిసెంబర్ నుంచి మార్చి దాకా అవి ఒకటి వెనక ఒకటి వస్తుంటయి. ఒకటి వచ్చిందంటే ఒకటి రెండు రోజులు మంచు కురుస్తది, అది పోయినంక ఆకాశం తేటగ అయి చలి గట్టిగ పెరుగుతది. ఏ తారీఖుకు వస్తదో రెండు నెలల ముందు ఎవ్వరూ చెప్పలేరు, "డిసెంబర్ 25కు పక్కా స్నో" అని ఎవరన్నా గ్యారంటీ ఇస్తే నమ్మకండి.

మొదటిసారి పోతున్న, నాకు మంచే కావాలె, డిసెంబర్‌లో కేదార్‌కాంత పోవచ్చా?

పోవచ్చు, మస్తు మంది మొదటిసారి పోయేది అక్కడికే. ఉత్తరాఖండ్‌లో 12,500 అడుగుల శిఖరం, డెహ్రాడూన్ నుంచి ట్రెక్ మొదలయ్యే సాంక్రి ఊరి దాకా దాదాపు 200 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, రోజంతా పడతది. కానీ నన్నడిగితే క్రిస్మస్, న్యూ ఇయర్ వారం వద్దంట. ఆ రోజుల్లో శిఖరం మీద జనం లైన్ కడ్తరు, మంచు పడితే అదృష్టం, పడకపోతే ఎండిన గడ్డి మీద చలి మాత్రం ఫుల్లుగా. ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో పోతే అప్పటిదాక పడిన మంచంత పేరుకుని ఉంటది, పగలు కొంచెం పొడుగయితది, చలి ఒక మెట్టు దిగుతది. మంచు చూసుడే ముఖ్యమైతే ఆ రోజులే మేలు.

## ఏ నెలలో ఏముంటది

మేలో ఇక్కడ 44 డిగ్రీలు, తప్పించుకొని అటు పోతే ఎట్లుంటది?

బాగుంటది, మన ఎండలకు అంతకు మించిన మందు లేదు. ఎత్తు పెరిగే కొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతది, కింద మైదానంలో 40 ఉన్నా 3,500 మీటర్ల మీద పగలు హాయిగ నడిచేటట్టే ఉంటది, రాత్రి మాత్రం సున్నా దగ్గరికి పోతది. మధ్యాహ్నం దాటినంక ఉరుములు, వడగండ్లు మేలో మామూలే, పొద్దున ఆకాశం చూసి మోసపోవద్దు. ఇంకో ఇబ్బంది, మే అంటే చార్‌ధామ్ యాత్ర టైం కూడా, హరిద్వార్, రిషికేశ్ దగ్గర ట్రాఫిక్ గంటలకు గంటలు ఆగుతది. హిమాచల్ వైపు హై పాస్‌లు మేలో ఇంకా మంచుతో మూసుకొనే ఉంటయి, హంప్టా లాంటివి జూన్ నుంచే.

జులై, ఆగస్టులో అస్సలు పోవద్దా?

ఉత్తరాఖండ్‌లోని వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ (పూల లోయ) కోసమైతే అప్పుడే పోవాలె. పార్క్ జూన్ 1 నుంచి అక్టోబర్ 31 దాకా తెరిచి ఉంటది గానీ పూలు నిండుగ ఉండేది జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకే, వానే ఆ పూలను పూయిస్తది కాబట్టి వాన లేకుండ పూలు కావాలంటే కుదరదు. పక్కనే హేమ్‌కుండ్ సాహిబ్ గురుద్వారా కూడా చూసుకొని రావచ్చు. అసలు ప్రమాదం నడిచే దారి కంటే బస్సు పోయే దారిలో ఎక్కువ, కొండచరియలు విరిగి రోడ్డు ఒకటి రెండు రోజులు బంద్ కావచ్చు. కాబట్టి తిరుగు టికెట్‌కు ముందు రెండు రోజులు ఖాళీ పెట్టుకోండి. ఉత్తరాఖండ్‌లో మిగతా హై ట్రెక్‌లు మాత్రం ఆ రెండు నెలలు వదిలేయండి. 2025 ఆగస్టు 5న ఉత్తరకాశీ జిల్లా ధరాలీలో వరద ఊరి మీదికి ఎట్ల వచ్చిందో ఫోన్లల్ల అందరం చూసినం.

ఏప్రిల్‌లో ఏమన్న ఉందా?

సందక్‌ఫు. పశ్చిమ బెంగాల్‌లో, 3,636 మీటర్లు. ఏప్రిల్, మే మొదట్లో ఎర్రటి రోడోడెండ్రాన్ చెట్లు పూసి ఉంటయి. కాంచనజంగ, ఎవరెస్ట్ రెండూ కనపడే చోటు అది, కానీ ఏప్రిల్‌లో మబ్బు అడ్డం రావచ్చు, శిఖరాలే కావాలంటే నవంబర్ మేలు. జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య దాకా, సందక్‌ఫు ఉన్న సింగలీల పార్క్ మూసేస్తరు.

నవంబర్‌లో పోతే లేట్ అయినట్టా?

మొదటి రెండు వారాలు చాలా మంచివి. జనం పల్చబడ్తరు, ఆకాశం తేటగ ఉంటది, రాత్రి చలి అక్టోబర్ కంటే బాగా ఎక్కువ. స్పితి, లడాఖ్ వైపు హై పాస్‌లు మాత్రం అప్పటికి మూసినట్టే లెక్క.

చాదర్ ట్రెక్ ఫొటోలు చూసిన, గడ్డకట్టిన నది మీద నడుసుడు, మొదటి ట్రెక్‌గా చెయ్యొచ్చా?

వద్దు. లడాఖ్‌లోని జన్‌స్కార్ నది గడ్డకట్టేది జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా ఉండే చిన్న టైంలో, రాత్రి మైనస్ 20 కిందికి కూడా పోతది. లేహ్‌లో విమానం దిగుడే 11 వేల అడుగుల మీద, ఒళ్లు అలవాటు పడక ముందే ఆ చలి. పైగా నది సరిగ్గ గడ్డకట్టక ట్రెక్ ఆపేసిన సందర్భాలు కూడా ఉన్నయి.

## సెలవులు, టికెట్లు

దసరా సెలవుల్లో పోతే సీజన్ కరెక్టే కదా?

చాలాసార్లు కరెక్టే, కానీ దసరా ఎప్పుడొచ్చిందో చూడండి. 2025లో దసరా అక్టోబర్ 2న వచ్చింది, 2026లో అధికమాసం వల్ల అక్టోబర్ 20న. తొందరగ వచ్చిన ఏడాది సెలవులు సెప్టెంబర్ చివర్లో మొదలైతయి, అప్పటికి వానలు పూర్తిగ పోయి ఉండకపోవచ్చు, అట్లాంటప్పుడు సెలవుల రెండో సగంలో ట్రెక్ పెట్టుకోండి. లేట్‌గ వస్తే పండగే, సీజన్ నడిమధ్యలో పడ్తరు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే ఓపెన్ అయితది, బతుకమ్మ ఎప్పుడో చూసుకొని వెనక్కి లెక్కపెట్టి ఆ పొద్దున్నే బుక్ చేయండి, సాయంత్రం దాక ఆగితే వెయిటింగ్ లిస్టే.

సంక్రాంతికి స్నో ట్రెక్ సరిపోతదా?

సీజన్‌గా సరిపోతది, రోజులే సరిపోవు. సికింద్రాబాద్ నుంచి ఢిల్లీకి రైలు ఒక రోజు పైనే, అక్కడి నుంచి డెహ్రాడూన్, అక్కడి నుంచి బేస్ క్యాంప్ ఇంకో రోజు, మళ్లీ అంతే వెనక్కి. ట్రెక్‌కు మిగిలేది ఏముంటది. పైగా జనవరిలో ఢిల్లీ చుట్టుపక్కల పొగమంచు, రైళ్లు పది గంటలు లేట్ అయినా ఆశ్చర్యం లేదు, విమానాలకూ అదే గతి. అదనంగా మూడు నాలుగు రోజులు లీవ్ దొరికితేనే ప్లాన్ చేయండి.

మాది వ్యవసాయం అన్నా, అక్టోబర్, నవంబర్‌లో వరి కోతలు, పత్తి ఏరుడు, మాకు సీజన్ లేనట్టేనా?

మీరు అక్టోబర్‌ను పక్కన పెట్టేయండి, బెంగ పడాల్సిన పని లేదు. వానాకాలం నాట్లు అయిపోయి ఆగస్టులో పది రోజులు చిక్కితే కశ్మీర్ గ్రేట్ లేక్స్ లేదా పూల లోయ. యాసంగి నాట్లు జనవరికి అయిపోతే ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో మంచు ట్రెక్. యాసంగి కోసి వడ్లు కాంటా అయిపోయినంక, మళ్లీ దుక్కులు మొదలయ్యేలోపు మే చివర కూడా ఉంది. ఆగస్టులో అయితే యూరియా కోసం లైన్లో నిలబడే పని ఇంట్లో ఎవరికన్నా అప్పజెప్పి పోవాలె, అది మీ ఇష్టం.

పిల్లల్ని తీసుకపోవాలంటే ఏ నెల?

మే. మన బడులు జూన్ 12కు తెరుస్తరు, దానికి వారం ముందు ఇంట్లో ఉండేటట్టు చూసుకోండి. ఉత్తరాఖండ్‌లోని నాగ్ టిబ్బా లాంటి 3,000 మీటర్ల చుట్టుపక్కల ఉండే చిన్న కొండ చాలు, అంతకంటే పైకి మొదటిసారే వద్దు. మంచు ట్రెక్‌లో పిల్లలు మొదటి గంట ఎగురుతరు, తర్వాత తడిసిన చేతిగ్లౌజులతో ఏడుస్తరు.

పున్నమి చూసుకొని పోవాల్నా, అమావాస్యనా?

గోడ మీది క్యాలెండర్ నిజంగ పనికొచ్చేది ఇక్కడే. చుక్కలు, పాలపుంత చూడాలంటే అమావాస్యకు నాలుగు రోజులు అటుఇటు. మంచు ట్రెక్‌లో, అర్ధరాత్రి మొదలుపెట్టి శిఖరం ఎక్కే ట్రెక్‌లో మాత్రం పున్నమి దగ్గర పెట్టుకోండి, వెన్నెల మంచు మీద పడితే టార్చి లైటు అవసరం చాలావరకు ఉండదు.

## తయారయ్యేటప్పుడు

మనం ఎండల్లో పుట్టి పెరిగినోళ్లం, ఆ చలి తట్టుకుంటమా?

తట్టుకుంటరు, బట్టలు కరెక్ట్‌గ ఉంటే. మన దగ్గర డిసెంబర్‌లో 12, 13 డిగ్రీలకే మంకీ క్యాప్ పెట్టుకొని మంట కాగుతం, అందుకని మైనస్ 5 అనంగనే భయమేస్తది. నడిచేటప్పుడు చలి పెద్దగ తెల్వదు, చెమటే పడతది, అసలు చలి క్యాంప్‌కు చేరి ఆగినంక మొదలయితది. అందుకే ఒక్క మందపు జర్కిన్ కంటే మూడు పల్చటి పొరలు నయం, నడిచేటప్పుడు విప్పుకోవచ్చు, ఆగంగనే వేసుకోవచ్చు. కాటన్ బనీను, జీన్స్ ప్యాంటు మాత్రం ఇంట్లనే వదిలి రండి, చెమటకు తడిస్తే ఆరవు, అదే చలి ఒంట్లకు పట్టిస్తది. మొదటి మంచు ట్రెక్‌కు సామాన్లన్నీ కొనకండి, జాకెట్, బూట్లకు తగిలించే ముళ్ల పట్టీలు అద్దెకు దొరుకుతయి, బూట్లు మాత్రం సొంతంగ కొని నెల ముందు నుంచే తొడుక్కొని తిరగండి.

ప్రాక్టీస్ ఎక్కడ చెయ్యాలె, మన దగ్గర కొండలేవి?

కొండలు లేకనా! నల్గొండోళ్లకు ఊరి పక్కనే లతీఫ్‌సాబ్ గుట్ట, దేవరకొండ వైపు వాళ్లకు దేవరకొండ ఖిల్లా, పాలమూరోళ్లకు కోయిల్‌కొండ ఖిల్లా, మన్యంకొండ మెట్లు. భువనగిరి గుట్ట 2016 దాకా నల్గొండ జిల్లాదే, ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ రాక్ క్లైంబింగ్ నేర్చుకున్నది ఆ బండ మీదనే. నల్లమలలో సలేశ్వరం నడక కూడా మంచి పరీక్షే గానీ అక్కడికి పోనిచ్చేది చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లోనే.

సీజన్‌ను బట్టి ప్రాక్టీస్ కూడా మారుతది. మేలో ట్రెక్ అంటే మార్చి, ఏప్రిల్ ఎండల్లో తయారు కావాలె, పొద్దున 5కే మొదలుపెట్టి 7 లోపు ఇంట్లో ఉండండి. అక్టోబర్ ట్రెక్ అంటే ప్రాక్టీస్ వానల్లో పడతది, బండల మీద పాచి ఉంటది, ఆ నెలల్లో గుట్ట కంటే మెట్లే సేఫ్. ఎక్కుడు ఎంత చేస్తరో దిగుడు కూడా అంత చేయండి, మోకాళ్లు పట్టేసేది దిగేటప్పుడే.

మంచి సీజన్‌లో పోతే ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ (ఎత్తు వల్ల వచ్చే అనారోగ్యం) రాదా?

వస్తది. ఎత్తుకు సీజన్‌తో సంబంధం లేదు, అక్టోబర్ అయినా జనవరి అయినా 3,800 మీటర్ల మీద ఆక్సిజన్ కింద ఉన్నదాంట్లో మూడింట రెండొంతుల లోపే. 3,000 మీటర్లు దాటినంక ఈ రాత్రి పడుకున్న చోటికీ రేపు రాత్రి పడుకునే చోటికీ తేడా 500 మీటర్లకు మించకుండ ఉండాలె, మూడు నాలుగు రోజులకు ఒకసారి ఆగాలె. తలనొప్పి, వాంతులు వస్తే పైకి పోవద్దు, తగ్గకపోతే కిందికి దిగాలె. దీనికి వాడే డయమాక్స్ మాత్ర డాక్టర్‌ను అడగకుండ వేసుకోవద్దు. చలి నెలల్లో దాహం వెయ్యదు కాబట్టి నీళ్లు తాగుడు మర్చిపోతరు, అప్పుడు తలనొప్పి దేనివల్లనో కూడా అర్థం కాదు. ఆస్తమా ఉన్నోళ్లకు చల్లటి పొడి గాలి ఇంకా ఇబ్బంది, వాళ్లు మంచు నెలలు పెట్టుకోకుంటేనే మంచిది.

## డేట్ దగ్గర పడ్డాక

బయలుదేరే ముందు వెదర్ ఎన్ని రోజుల ముందు చూడాలె?

నెల ముందు చూసేది టైంపాస్. ఐదు రోజుల లోపు చూసేదాన్నే లెక్కలోకి తీసుకోండి. వాతావరణ శాఖ జిల్లాల వారీగా ఇచ్చే హెచ్చరికల రంగులు చూడండి, ఆరెంజ్ ఉంటే ట్రెక్ నిర్వాహకులను అడగండి, రెడ్ ఉంటే అడిగేది ఏం లేదు, ఆగుడే. డెహ్రాడూన్ వెదర్ చూసి కొండ మీద కూడా అంతే అనుకోవద్దు.

బంగాళాఖాతంలో తుఫాను వస్తే హిమాలయాలకు ఏమయితది అన్నా, అంత దూరం కదా?

హుద్‌హుద్ గుర్తుంది కదా. 2014 అక్టోబర్ 12న విశాఖ మీద తీరం దాటింది. అక్కడితో అయిపోలే. మిగిలిన తేమంత ఉత్తరానికి పోయి, రెండు రోజులకు నేపాల్‌లో అన్నపూర్ణ చుట్టుపక్కల మంచు తుఫానై పడ్డది, 5,416 మీటర్ల థోరాంగ్ లా పాస్ దాటుతున్నోళ్లు అందులో చిక్కుకున్నరు, 40 మందికి పైగా చనిపోయిన్రు. అది అక్టోబర్ నడిమధ్య, అంటే అందరూ బెస్ట్ సీజన్ అని చెప్పే టైం. కాబట్టి అక్టోబర్, నవంబర్‌లో నేపాల్, సిక్కిం, ఉత్తరాఖండ్ పోయేటోళ్లు మన తీరం వైపు తుఫాను వార్త వచ్చిందంటే దాని దారి ఎటో చూసుకోవాలె, ఉత్తరానికి తిరుగుతుంటే పాస్ దాటుడు వాయిదా వెయ్యాలె.

గైడ్ పొద్దున 3కే లేపుతడంట, ఎందుకు?

పొద్దున గాలి తక్కువ, ఆకాశం తేట, రాత్రి గడ్డకట్టిన మంచు గట్టిగ ఉండి కాలు దిగబడదు. మధ్యాహ్నానికి మబ్బులు ఎక్కుతయి, మంచు మెత్తబడతది. మే, జూన్‌లో వాగులు కూడా అంతే, పొద్దున మోకాలి లోతు ఉన్నది ఎండకు పైన మంచు కరిగి సాయంత్రానికి నడుము దాకా వస్తది. వాగు దాటేది ఉంటే పొద్దున్నే దాటాలె, ఫొటోల కోసం నీళ్లల్ల నిలబడొద్దు.

## దేశం బయట, యాత్రలు

ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కు ఏ నెల?

అక్టోబర్, నవంబర్ లేదా మార్చి చివరి నుంచి మే దాకా. 5,364 మీటర్లు, ఆక్సిజన్ మన దగ్గర ఉన్నదాంట్లో సగమే. బేస్ క్యాంప్‌లో శిఖరం ఎక్కేటోళ్ల టెంట్లు, సందడి చూడాలంటే ఏప్రిల్, మే. వ్యూ కోసం అక్టోబర్. శిఖరం ఎక్కేది మాత్రం ఎక్కువగా మేలోనే, పైన ఏడాదిలో చాలా నెలలు వీచే భయంకరమైన గాలి ప్రవాహం రుతుపవనాలు వచ్చే ముందు కొన్ని రోజులు ఉత్తరానికి జరిగి గాలి తగ్గుతది. పూర్ణ, ఆనంద్ కుమార్ ఎక్కింది కూడా 2014 మే 25న.

కిలిమంజారోకు కూడా అక్టోబరేనా?

అది వేరే లెక్క. టాంజానియా భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి అక్కడ ఎండాకాలం, చలికాలం అని మన లెక్క నడవదు, వాన ఉందా లేదా అంతే. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, నవంబర్ చుట్టూ చిన్న వానలు. పొడిగ ఉండేది జనవరి, ఫిబ్రవరి, మళ్లీ జూన్ చివరి నుంచి అక్టోబర్ దాకా. 5,895 మీటర్ల మీద ఏ నెలైనా రాత్రి గట్టిగ గడ్డకట్టే చలే. మన వానాకాలంలో హిమాలయాలు కుదరనోళ్లకు జులై, ఆగస్టులో ఇది బాగా పనికొస్తది.

మాకు ట్రెక్ కాదు, అమ్మనాయినను తీసుకొని కేదార్‌నాథ్ పోవాలె, ఎప్పుడు?

గుడి తలుపులు తెరిచే తేదీ మహాశివరాత్రి నాడు చెప్తరు, ఏప్రిల్ చివర, మే మొదట్లో తెరిచి, దీపావళి తర్వాత భాయ్ దూజ్ నాడు మూస్తరు. తెరిచిన మొదటి మూడు నాలుగు వారాలు జనం విపరీతం, పెద్దోళ్లతో ఆ లైన్లు కష్టం. 2013 జూన్‌లో వచ్చిన వరద సంగతి అందరికీ తెలుసు కాబట్టి జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ మొదటి వారాల దాకా వద్దు. సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్ మధ్య దాకా పోండి, రద్దీ తగ్గుతది, దారి పొడిగ ఉంటది. గుడి 3,583 మీటర్ల మీద, గౌరీకుండ్ నుంచి 16 కిలోమీటర్ల పైనే ఎక్కాలె, గుర్రం మీద పోయినా ఎత్తు ఎత్తే. కింద గుప్తకాశీలో ఒక రాత్రి ఆపి, బీపీ, షుగర్ మందులు చేతిసంచిలనే పెట్టుకోండి, పెద్ద బ్యాగులో పెడితే అవసరానికి దొరకవు.